మా పెరటి దడి కథ: మూడడుగుల మట్టిలో ఐదొందల ఏళ్ల చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో కోటలు, రాజులు, యుద్ధాలు కొంచెం వస్తాయి గానీ, అసలు విషయం మాత్రం మా ఇంటి పెరడు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే పెరడు కూడా కాదు, పెరటి అంచు. మనకీ పక్కింటివాళ్లకీ మధ్య ఉండే మూడడుగుల మట్టి. అక్కడ ఒక దడి ఉంటుంది, రెండు మూడు పాదులు ఉంటాయి, నాలుగు పూలమొక్కలు ఉంటాయి. దీనికి చరిత్రేముంటుంది అనుకుంటున్నారు కదా? నేనూ అలాగే అనుకున్నాను, మొన్న సంక్రాంతికి ఊరెళ్లి ఆ అంచుని కొత్తగా డిజైన్ చేద్దామని కూర్చునేదాకా.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. పలాస నుంచి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్లలో ఒకటి. ఉద్దానం అనగానే న్యూస్‌లో మీరు వినేది కిడ్నీ జబ్బుల గురించే. కానీ ఆ పేరు ఉద్యానం అనే మాట నుంచి వచ్చిందని చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి... రెండో కోనసీమ అని కూడా అంటారు. అంటే తోట అన్న మాటే పేరైపోయిన ప్రాంతం మాది. అలాంటి చోట మా ఇంటి పెరటి అంచు మాత్రం ఏడేళ్లుగా బోడిగా పడి ఉంది. ఎందుకో చెప్తాను.

మా వైపు పాత ఇళ్లు మీరు చూసే ఉంటారు. వీధికి అటూ ఇటూ వరసగా, గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. ముందు అరుగు, లోపల పొడుగ్గా గదులు, వెనక పెరడు. మా పెరడు వెడల్పు ముప్పై అడుగులు, పొడవు అరవై. తూర్పు చివర జీడితోటలోకి తెరుచుకుంటుంది, అటు నుంచే సముద్రం గాలి వస్తుంది. దక్షిణం వైపువాళ్లు ఎప్పుడో గోడ కట్టేశారు. ఉత్తరం వైపు మా పెదనాన్న వాళ్ల పెరడు. తాతయ్య పోయాక పంచుకున్నారు. మధ్యలో తాటికమ్మల దడి. ఆ దడి మీద ఒక కొబ్బరిచెట్టు.

2018 అక్టోబర్ 11, తెల్లవారుజాము. తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకి 140, 150 కిలోమీటర్లు. నేనప్పుడు పదో తరగతి. మంచం కింద కూర్చుని విన్న ఆ శబ్దం నాకింకా గుర్తుంది. తెల్లారేసరికి ఉద్దానంలో లక్షల కొబ్బరిచెట్లు నేలమీదున్నాయి. వాటిలో దడి మీద చెట్టు ఒకటి. పడటం పడటం సగం మా వైపు, సగం పెదనాన్న వైపు పడింది.

తర్వాత పడిపోయిన చెట్లకి పరిహారం అన్నారు. లిస్టు రాయడానికి వచ్చినతను అడిగాడు, ఈ చెట్టు ఎవరిదండీ అని. అంతవరకూ మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగని ప్రశ్న అది. మా నాన్న నాదన్నాడు, పెదనాన్న నాదన్నాడు. ఒక్క చెట్టు. ఆ రోజు నుంచి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు.

ఇక మొన్న సంక్రాంతికి మా నాన్న ఒక నిర్ణయం చేశాడు. దడి పీకేసి, ఆరడుగుల గోడ కట్టేసి, దాని వెంట మంచి పూలమొక్కలు వేయిద్దామని. ఆ పని నాకప్పగించాడు. నేను ఉత్సాహంగా ఫోన్ తీశాను. ఇంటర్నెట్‌లో వందల డిజైన్లు. అన్నిట్లోనూ ఒకటే సూత్రం: అంచున ఎత్తు మొక్కలు, వాటి ముందు గుబురు మొక్కలు, వాటి ముందు చిన్న పూలు. వంపులు తిరిగిన అంచు, మధ్యలో పచ్చిక. బొమ్మ గీసి నాన్నమ్మకి చూపించాను. ఆవిడ ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "బాగుందిరా బాబూ. మరి నానెటెల్తాను?" అంది.

నాకు అర్థం కాలేదు. నాన్నమ్మ ఉండేది మా ఇంట్లోనే. కానీ సాయంత్రం కాఫీ మాత్రం పెద్దకొడుకు ఇంట్లో. దడిలో ఒక కంత ఉంది, మనిషి వంగి దూరేంత. ఏడేళ్లుగా ఇద్దరు కొడుకులకీ మాటల్లేకపోయినా ఆవిడ ఆ కంతలోంచే వెళ్తోంది, వస్తోంది. గోడ కడితే వీధిలోకి వెళ్లి చుట్టు తిరిగి రావాలి. ఎనభై దాటిన మనిషి. పైగా ఒక మాటంది: "దడి అంటే తినడానికేటైనా కాస్తాది. గోడకేటి కాస్తాది?"

ఆ మాట పట్టుకుని నేను వెనక్కి వెళ్లడం మొదలుపెట్టాను. మనవాళ్లు అసలు అంచుల్లో ఏం పెంచేవారు? ఎందుకు పెంచేవారు?

మొదట పక్క జిల్లాకి వెళ్దాం, బొబ్బిలి. 1757 జనవరి 24న జరిగిన యుద్ధం మనందరం సినిమాల్లో, బుర్రకథల్లో విన్నదే. ఒకవైపు బొబ్బిలి రంగారావు, తాండ్ర పాపారాయుడు. ఇంకోవైపు విజయనగరం విజయరామరాజు, ఆయనకి తోడు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు. ఈ యుద్ధం గురించి దాదాపు ఆ కాలంలోనే రాసిన ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్. ఆయన పుస్తకంలో మనకి పనికొచ్చే విషయాలు రెండున్నాయి.

ఒకటి, ఈ ప్రాంతపు జమీందారుల కోటల చుట్టూ దట్టమైన తుప్పలుండేవి. చెట్లూ ముళ్లపొదలూ కలిసిన అడవి అంచు. అది వాటంతటదే పెరిగింది కదా అని వదిలేసింది కాదు, కావాలని ఉంచుకున్నది. గుర్రం దూరకూడదు, ఫిరంగి బండి దూరకూడదు. అంటే కోటకి మొదటి గోడ రాతిది కాదు, మొక్కలది. నేను ఫోన్లో చూసిన డిజైన్‌లో అంచున ఎత్తు మొక్కలు, ముందు గుబురు మొక్కలు అన్నారు కదా, బొబ్బిలి వాళ్లు అదే లెక్కని శత్రువు వైపు తిప్పి వాడారన్నమాట.

రెండోది ఇంకా ఆసక్తికరం. బొబ్బిలికీ విజయనగరానికీ పగ ఎందుకు? మనం విన్న కథల్లో పౌరుషం, కోడిపందేలు ఉంటాయి. ఆర్మ్ మాత్రం పాత తగాదాల్లో నీళ్ల తగాదా కూడా చెబుతాడు. ఎండాకాలంలో ఏటి నీళ్లని బొబ్బిలి వాళ్లు తమవైపు మళ్లించుకుంటున్నారని విజయనగరం వైపు కోపం. అంటే ఏమిటి? సరిహద్దు దగ్గర నీళ్లు ఎవరివి అన్న గొడవ. మా పెరట్లో చెట్టు ఎవరిదన్న గొడవకి పెద్దన్నయ్య లాంటిది. ఊళ్లో గట్టు తగాదా అని చిన్నగా అంటాం గానీ, గట్టు తగాదా చిన్నదేమీ కాదు. దాని చివర ఒక కోట కాలిపోయింది.

సరే, యుద్ధం పక్కన పెడదాం. ఇంకో పాతికేళ్లు ముందుకొస్తే మన తీరానికి ఒక స్కాట్లాండ్ డాక్టరు వస్తాడు. పేరు విలియం రాక్స్‌బర్గ్. ఈస్టిండియా కంపెనీలో వైద్యుడు. 1781 నుంచి ఇప్పటి కాకినాడ జిల్లాలో ఉన్న సామర్లకోటలో పనిచేశాడు, అక్కడే మొక్కలతో ప్రయోగాలు చేసే తోట పెట్టాడు. తర్వాత 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి వెళ్లాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా వచ్చింది. దాంట్లో బొమ్మలు గీసింది మన దేశపు చిత్రకారులే. ఆయన చేసిన మంచిపని ఇంకొకటుంది. చాలా మొక్కలకి ఇక్కడి జనం పిలిచే తెలుగు పేరు అడిగి రాసుకున్నాడు. మొక్కల గురించి మన పల్లె జనం నోట్లో ఉన్న మాటలు రెండొందల ఏళ్ల కిందటే అచ్చులోకెళ్లాయి.

రాక్స్‌బర్గ్ ఇక్కడున్న రోజుల్లోనే ఉత్తర సర్కారుల్లో ఘోరమైన కరువొచ్చింది. వరి మీదే ఆధారపడితే వాన తప్పిన ఏడాది జనం చచ్చిపోతారని ఆయనకి కళ్లముందే కనపడింది. అందుకే కొబ్బరి, పనస, అరటి లాంటి ఆకలి తీర్చే చెట్లు విరివిగా నాటించాలని కంపెనీవాళ్లకి సలహా రాశాడు. మళ్లీ 1866లో ఒరిస్సా కరువు మా గంజాం దాకా వచ్చింది. మా గంజాం అని ఎందుకన్నానంటే, అప్పుడు శ్రీకాకుళం ప్రాంతంలో చాలా భాగం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలోనే ఉండేది.

ఇప్పుడు నాన్నమ్మ మాట ఇంకోసారి వినండి. దడి అంటే తినడానికేటైనా కాస్తాది. పాతకాలం పెరటి అంచు చూస్తే ఏముంటాయి? ములగచెట్టు, కంద, చేమ, దడి మీదకి పాకించిన బీర, ఆనప, చిక్కుడు, గుమ్మడి. పొలం పోయినా పెరటి అంచు పోదు. ఎందుకంటే దానికి వేరే నీళ్లక్కర్లేదు. అంట్లు తోమిన నీళ్లు, స్నానాల గది నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు సరిపోతాయి. ఆ నీళ్లు పోయే చోట అరటిపిలక, దాని నీడలో పసుపు, పక్కన చేమదుంప. ఇది ఎవరో గీసిన డిజైన్ కాదు. నీళ్లు ఎటు పోతే అటు మొక్క. ఆకలి వేసినప్పుడు చెయ్యి చాపితే అందేంత దూరం.

ఇంకో తమాషా ఉంది. ఈ అంచులో ఉండే మొక్కల్లో సగం మనవి కావు. మిరప, బొప్పాయి, జామ, టమాటా... అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. జీడిమామిడిని పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి మన దేశపు పశ్చిమ తీరానికి తెచ్చారు. మరి కొత్త చెట్టుకి మనవాళ్లు ఏం పేరు పెట్టారో గమనించారా? మన అడవుల్లో ముందునుంచీ జీడి అనే చెట్టుంది. నల్లజీడి అంటారు. దాని గింజలోని నల్లటి రసంతో చాకలివాళ్లు బట్టల మీద గుర్తులు పెట్టేవాళ్లు, ఒంటికి తగిలితే పొక్కుతుంది. కొత్త చెట్టు గింజ రసం కూడా అలాగే పొక్కిస్తోంది. పండు తినడానికి బాగుంది, మామిడిలాగ. జీడి, మామిడి కలిపి జీడిమామిడి అన్నారు. ఇప్పటి వృక్షశాస్త్రం ప్రకారం నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబం! ల్యాబుల్లేకుండా, వేలు పొక్కితే కనిపెట్టారు.

మిరపకాయ పేరు మిరియం నుంచే వచ్చిందంటారు. టమాటాని మా నాన్నమ్మ ఇప్పటికీ రామ్ములక్కాయ అంటుంది. దేశం కాని దేశం నుంచి వచ్చిన కాయకి రాముడి పేరు తగిలించి ఇంట్లో మనిషిని చేసేశారు. పెరటి అంచు అంటే అదీ. బయట నుంచి వచ్చింది ఏదైనా ముందు అక్కడే నిలబడుతుంది. నచ్చితే వంటింట్లోకి వస్తుంది.

కానీ వచ్చినవన్నీ మంచివి కాదు. ఇప్పుడు చెప్పేది ఒక పెద్ద ఫెయిల్యూర్ స్టోరీ.

నాగజెముడు తెలుసు కదా? అరచెయ్యి లాంటి బిళ్లలు, వాటి నిండా ముళ్లు. అది కూడా అమెరికాలదే. అక్కడ ఆ మొక్కని తిని బతికే ఒక చిన్న పురుగుంది, కొచినీల్. దాన్నుంచి అద్భుతమైన ఎర్ర రంగు వస్తుంది. ఇంగ్లీషు సైన్యాధికారుల ఎర్రకోట్ల రంగులు, రాజుల బట్టల రంగులు. ఆ వ్యాపారం స్పెయిన్ చేతిలో ఉంది. కంపెనీవాళ్లకి కడుపుమంట. 1780ల చివర్లో మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే డాక్టరు ఆ పురుగుని ఇక్కడే పెంచేద్దామని వెంటపడ్డాడు. మద్రాసు పక్కన సైదాపేటలో నాగజెముడు తోట కూడా పెట్టించాడు. పురుగు తెచ్చినవాళ్లకి కంపెనీ రెండువేల పౌండ్ల బహుమతి ప్రకటించింది.

1795లో కెప్టెన్ నీల్సన్ అనే ఆయన బ్రెజిల్లోని రియో డి జనీరోలో ఆగినప్పుడు పురుగులు పట్టుకుని కలకత్తా తెచ్చాడు. తీరా చూస్తే అది అసలు పురుగు కాదు. అడవి రకం. రంగు నాసి. పోనీ అనుకుంటే అది ఇక్కడ అప్పటికే జనం కంచెలుగా వేసుకున్న ఒక రకం నాగజెముడుని తినేయడం మొదలుపెట్టింది. 1830ల్లో దక్షిణానికి చేరి ఇక్కడా ఆ రకాన్ని తుడిచిపెట్టింది. రంగు రాలేదు, కంచె పోయింది.

అక్కడితో అయిపోలేదు. ఆ పురుగు ముట్టని ఇంకో రకం నాగజెముడు మిగిలింది. పశువు తినదు, నీళ్లు అడగదు, ముక్క పడితే చాలు వేరు పోసుకుంటుంది. కంచెకి ఇంతకంటే ఏం కావాలి? మద్రాసు ప్రెసిడెన్సీ అంతా పాకింది. గట్టు మీద వేస్తే పొలంలోకి వచ్చింది, పొలం నుంచి ఊళ్లోకి వచ్చింది. చివరికి 1926లో సింహళం నుంచి ఇంకో రకం కొచినీల్ పురుగుని తెప్పించి వదిలారు. ఈసారి రంగు కోసం కాదు, ఆ మొక్కని చంపడం కోసం. కొన్నేళ్లలోనే వేల ఎకరాలు ఖాళీ అయ్యాయి. మన అంచులో ఏం నాటాలో దూరంగా కూర్చున్న ఎవరో తమ లాభం కోసం నిర్ణయిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఇదంతా పాతకాలం అనుకోకండి. కోనోకార్పస్ గుర్తుందా? అరేబియా, ఆఫ్రికా తీరాల మొక్క. ఏడాదిలో గోడంత పచ్చగా లేస్తుందని మన దగ్గర రోడ్ల మధ్యన, కాంపౌండ్ గోడల వెంట వరసగా పాతారు. తర్వాత పుప్పొడితో ఎలర్జీలని, వేళ్లు పైపుల్లో కేబుళ్లలో దూరుతున్నాయని గొడవ మొదలైంది. 2023లో గుజరాత్ ప్రభుత్వం ఆ మొక్క నాటడాన్నే నిషేధించింది. నేను గీసిన మొదటి డిజైన్‌లో గోడ వెంట వేసింది ఏ మొక్కో చెప్పనా? అదే. యాప్ అదే సలహా ఇచ్చింది. నేను పేరు కూడా చూడలేదు.

మరి మంచి అంచు ఎలా ఉంటుంది? దీనికి జవాబు మా తీరంలోనే ఉంది. మొగలి.

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు పాత గంజాం రెండు ముక్కలైంది. తెలుగు ముక్క విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. కాగితం మీద గీత పడింది గానీ ఇసుక నేల ఒకటే, గాలి ఒకటే, మొగలిపొద ఒకటే. గంజాం తీరపు పల్లెల్లో పొలం గట్ల మీద, వాగుల వెంట మొగలిని కంచెగా పెంచుతారు. ముళ్ల ఆకు కాబట్టి పశువు రాదు. ఊడలు దిగి ఇసుకని పట్టుకుంటాయి. సముద్రపు గాలికి వంగుతుంది గానీ తేలిగ్గా పోదు. అన్నిటికీ మించి మగ మొక్క పూసే పువ్వు నుంచి అత్తరు తీస్తారు. స్వీట్లలో వేసే కేవడా నీళ్లు అవే. గంజాం కేవడాకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అంటే కంచె కాపలా కాస్తోంది, నేలని ఆపుతోంది, డబ్బూ ఇస్తోంది. పొలం మధ్యలో పంట ఒకటి, అంచులో ఇంకో పంట.

ఇవన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుంటే నాకొకటి కనపడింది. ఒక్కో కాలం పెరటి అంచుని ఒక్కో భయంతో డిజైన్ చేసింది. జమీందారుకి శత్రువు భయం, తుప్పలు పెంచాడు. రైతుకి ఆకలి భయం, కందా గుమ్మడీ పెట్టాడు. కంపెనీకి లాభం పోతుందన్న భయం, పురుగుల్ని తెచ్చింది. మరి మా నాన్న గోడ ఏ భయంతో కడుతున్నాడు? ఇంకో తుపానుకి ఇంకో చెట్టు పడితే అన్నతో మళ్లీ ఆ ప్రశ్న వస్తుందన్న భయం. అసలు ఆయన కొలిచేది గోడ పొడవు కాదు, గొడవ పొడవు.

అందుకే నేను బొమ్మ మళ్లీ గీశాను. ఈసారి ఫోన్‌లో కాదు, నాన్నమ్మని పక్కన కూర్చోబెట్టుకుని, పెరట్లో పుల్లతో.

తూర్పు అంచు, గాలి వచ్చే వైపు. రెండు కొబ్బరి మొక్కలు. ఇల్లు దూరంగా ఉండేట్టు, ఒకదానికొకటి పాతిక అడుగుల ఎడం. పడినా కప్పు మీద పడకూడదు, దడి మీద పడకూడదు. నేను మొగలి కూడా వేద్దామన్నాను. నాన్నమ్మ ఒప్పుకోలేదు. "పెరట్లో మొగలేటిరా, పాములు సేరతాయి. తోట గట్టుకెయ్యి" అంది. సరే, జీడితోట అవతలి గట్టుకి.

పడమర, వంటింటి వెనక. అంట్ల నీళ్ల కాలవని నేరుగా బయటికి పోనివ్వకుండా వంపు తిప్పి అరటి, చేమ, పసుపు. కాలవ అడుగున సిమెంటు వద్దు. మాది ఇసుక నేల, నీళ్లు దిగాలి, భూమికి దక్కాలి.

దక్షిణం, పక్కవాళ్ల గోడ వైపు. గోడ వేడి కొడుతుంది కాబట్టి గోడకి రెండడుగులు ఎడంగా కరివేపాకు, గోరింట, మందార, ముందు మిరపా వంగా. బొప్పాయి ఒకటి. వెనక ఎత్తు, ముందు పొట్టి. ఇంటర్నెట్ డిజైన్ సూత్రం ఇక్కడ పనికొచ్చింది, మొక్కలు మాత్రం మారాయి.

ఇక ఉత్తరం. మూడడుగుల మట్టి. అక్కడ చెట్టు వద్దు అనుకున్నాం. చెట్టు అయితే యాభై ఏళ్లుంటుంది, ఎవరిదన్న ప్రశ్న కూడా యాభై ఏళ్లుంటుంది. పాదులు పెడదాం అనుకున్నాం. బీర, చిక్కుడు, ఆనప. ఏటా వేస్తాం, ఏటా పీకేస్తాం. పాదుకి పందిరి కావాలి. పందిరికి గుంజలు కావాలి. రెండు గుంజలు మా వైపు, రెండు గుంజలు వాళ్ల వైపు. కాయ ఏ వైపు వేలాడితే ఆ వైపు వాళ్లది. కింద నుంచి నాన్నమ్మ వంగకుండా నడిచి వెళ్లొచ్చు.

ఇది విని మా నాన్న ఏమీ అనలేదు. కాదనలేదు కూడా. మా నాన్న విషయంలో దానికి చాలా విలువుంది.

కానీ వాళ్ల వైపు గుంజలు పాతాలంటే వాళ్లని అడగాలి కదా. ఆ అడిగే పని నాకే పడింది. కనుమ రోజు సాయంత్రం నాన్నమ్మ వెనకే నేనూ కంతలోంచి దూరి వెళ్లాను. పెదనాన్న మంచం మీద కూర్చుని రేడియోకి బ్యాటరీలు మారుస్తున్నాడు. "పెదనాన్నా, పందిరి వేద్దామనుకుంటున్నాం, రెండు గుంజలు మీ వైపు పడతాయి" అన్నాను. ఆయన తలెత్తలేదు. నేను బొబ్బిలి యుద్ధం నుంచి కొచినీల్ పురుగు దాకా చెప్పడానికి సిద్ధమై వెళ్లాను గానీ, గొంతు రాలేదు. పెద్దమ్మ కాఫీ తెచ్చింది. తాగాను. లేచి వచ్చేస్తుంటే వెనక నుంచి అన్నాడు.

"గుంజలేటి కొన్నారు, వెదురా?"

"అవును పెదనాన్నా."

"వెదురొద్దు, సెదలు తినేస్తాయి. సరుగుడెయ్యి. మీ నాన్నకి సెప్పు."

మీ నాన్నకి సెప్పు. ఏడేళ్ల తర్వాత మా పెదనాన్న మా నాన్నకి పంపిన మొదటి కబురు అది. సరుగుడు గుంజల గురించి.

చరిత్ర ఎపిసోడ్ కాబట్టి ఇదొకటి చెప్పి ముగిస్తాను. సరుగుడు కూడా మొదట ఈ తీరంలో ఇంత విరివిగా ఉన్న చెట్టు కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలది. 19వ శతాబ్దంలో వంటచెరకు కోసం, రైలింజన్ల కట్టెల కోసం మద్రాసు తీరం పొడవునా తోటలుగా పెంచారు. ఇప్పుడు మా ఇసుకలో అది లేని ఊరు లేదు. బయటి నుంచి వచ్చింది, నిలబడింది, ఇప్పుడు మా రెండిళ్ల మధ్య పందిరి మోయబోతోంది.

గుంజలు తెచ్చాం. మా వైపు రెండూ పాతాం. వాళ్ల వైపు రెండూ ఇంకా దడికి ఆనించే ఉన్నాయి. పాతుతారో లేదో నాకు తెలీదు. నేను హైదరాబాద్ వచ్చేశాను. మొన్న నాన్నమ్మ ఫోన్లో చెప్పింది, బీరగింజలు రెండాకులు వేశాయట, తీగ ఎటెళ్లాలో ఇంకా తెలీట్లేదట.

మీ ఇంటి పెరటి అంచులో ఏముంది? గోడా, దడా, ముళ్లకంపా, క్రోటన్లా? మీ నాన్నమ్మనో అమ్మమ్మనో అడిగి, అంతకు ముందు అక్కడ ఏముండేదో కామెంట్‌లో రాయండి. మొక్క పేరు మీ ఊళ్లో ఎలా పిలుస్తారో అలాగే రాయండి, మార్చకండి. రెండొందల ఏళ్ల కింద ఒక డాక్టరు అడిగి రాసుకున్నాడు, ఈసారి మనమే రాసుకుందాం.

ఉంటాను మరి. నమస్తే.